మన్యం నీళ్లు నాకు పడ్డాయనుకున్నాను

ఈ సంగతి ఇంతవరకు మా ఇంట్లోవాళ్లకు కూడా పూర్తిగా చెప్పలేదు. మీకు చెబుతున్నాను. విన్నాక నాలుగు తిట్టినా పడతాను గానీ మధ్యలో లేచిపోకండి. జ్వరం తగిలినప్పుడు "ఆఁ, ఏముందిలే, రెండు రోజులు చూద్దాం" అనని మనిషిని నేనింతవరకు చూడలేదు. మీరూ ఎప్పుడో ఒకప్పుడు అనే ఉంటారు. కాబట్టి నన్ను క్షమించడం మీకు మరీ కష్టం కాదనుకుంటున్నాను.

నేను అటవీశాఖలో బీట్ ఆఫీసర్ని. జనం నోట ఇప్పటికీ గార్డునే. మాది గోదావరి పక్కన పల్లపు ఊరు. చింతపల్లి దాటి ఇంకా లోపలికి పోస్టింగు అనగానే మా అమ్మ మూడు రోజులు సరిగా అన్నం తినలేదు. "మన్యం నీళ్లు మనకు పడవురా" అని ఒకటే మాట. తాతల కాలం నుంచీ మా వైపు వాళ్లకు మన్యమంటే పులి కన్నా పాము కన్నా జ్వరం అంటేనే భయం. రంప పితూరీలను అణచడానికి కొండలెక్కిన పటాలాలను కూడా ఆ జ్వరమే మంచాన పడేసిందని చెప్పుకునేవాళ్లు. అది నీళ్లలోంచే వస్తుందని వాళ్ల నమ్మకం. అందుకే అమ్మ నా సంచిలో పటిక ముక్క పెట్టింది, మిరియాల పొట్లం పెట్టింది. దోమతెర పెట్టాలని ఆమెకు తోచలేదు. నాకూ తోచలేదు.

వెళ్లి మూడేళ్లయింది. ఒక్కసారి కూడా ఒళ్లు వెచ్చబడలేదు. అదిగో, నా బుద్ధి గడ్డి తినడం అక్కడే మొదలైంది.

సెలవుకు ఇంటికి వెళ్లినప్పుడల్లా అరుగు మీద కూర్చుని చెప్పేవాణ్ణి. గెడ్డ నీళ్లు దోసిలితో తాగుతాననీ, వానలో తడిసినా తుమ్ము రాదనీ, ఆ నీళ్లు నాకు పడ్డాయనీ. పదిమంది నోళ్లు తెరుచుకుని వింటుంటే, మనం చెప్పుకునేది మనకే నిజమనిపిస్తుంది. మూడేళ్లు జ్వరం రాకపోవడం ఉత్త అదృష్టం. దాన్ని నా ఒంటి బలం కింద జమకట్టుకున్నాను.

మా బేస్‌క్యాంపు గెడ్డ ఒడ్డున ఉంటుంది. రేకుల షెడ్డు, దాని ముందు కర్రలతో కట్టిన మంచె. నేనూ, ఐదుగురు వాచర్లూ. వాళ్లంతా చుట్టుపక్కల గూడేలవాళ్లే. ఆ ఏడాది వానలకు ముందు కింది గూడెం ఆశా కార్యకర్త ఆరు దోమతెరలు నెత్తిన పెట్టుకుని మోసుకొచ్చింది. మందు పట్టించిన తెరలు. "దోమ దీని మీద వాలితే సచ్చిపోద్ది బాబూ. మూడేళ్లు పనిచేస్తాయి. గెడ్డలో ఉతక్కండి, నీడన ఆరేయండి" అని ఒక్కొక్కరి చేతికీ ఇచ్చింది. నాకన్నా పదేళ్లు పెద్దది, అక్కా అని పిలిచేవాణ్ణి.

ఆ తెరను నేనేం చేశానో చెప్పాలంటే ఇప్పటికీ గొంతు పెగలదు. అప్పుడే నర్సరీలో విత్తనాలు మొలకెత్తుతున్నాయి. పిట్టలు పొడిచేస్తున్నాయి. నా తెర పట్టుకెళ్లి మొలకల మీద పందిరేశాను. వాచర్లు చూశారు. సారే మొక్కలకు వేశారంటే మనిషికి దాంతో పనిలేదు కాబోలు అనుకున్నారు. నెల తిరిగేసరికి ఒక తెర కోళ్ల గంప మీదికి పోయింది, ఇంకొకటి చేపలకని గెడ్డలోకి పోయింది, మరొకటి కొండచీపుర్ల మోపు కట్టడానికి పోయింది. ఎవరినీ పల్లెత్తు మాట అనలేకపోయాను. దారి తప్పిన మొదటి తెర నాదే కదా.

న్యాయంగా ఒక మాట చెప్పుకోవాలి. అడవిలో తెర కట్టుకోవడం ఊళ్లో కట్టుకున్నంత తేలిక కాదు. ప్రభుత్వం ఇచ్చే తెర మంచానికి సరిపోతుంది. మందు పిచికారీ ఇంటి గోడలకు చేస్తారు. కానీ అడవి పనివాడు ఆ గోడల మధ్య ఎన్ని రాత్రులుంటాడు? పోడు చేను కాసేవాడు పంట చేతికొచ్చేదాకా మంచె మీదే పడుకుంటాడు. అడ్డాకుకో కొండచీపురుకో వెళ్లినవాళ్లు పొద్దు వాలితే ఏ చెట్టు కిందో ఆగిపోతారు. మలేరియా దోమ సందె చీకటి పడ్డాక లేచి తెల్లవారేదాకా తిరుగుతుంది. ఊరి దోమలా మురుగులో పెరిగే రకం కాదది. మన్నెంలో దానికి మెల్లగా పారే తేట నీళ్లు కావాలి, గెడ్డ అంచున రాళ్ల మధ్య నిలిచిన నీళ్లు కావాలి. మేం వంట చేసుకునేదీ, ముచ్చట్లాడుకునేదీ సరిగ్గా ఆ వేళకే, ఆ ఒడ్డునే. వేపాకు పొగ వేసుకుంటే కాస్త ఊరట, అంతే. ఈ కష్టాలన్నీ నిజమే. కాకపోతే నేను తెర కట్టకపోవడానికి ఇందులో ఏ ఒక్కటీ కారణం కాదు. నా మంచెకు నాలుగు గుంజలున్నాయి. తాడూ ఉంది.

ఇక ఆగస్టు 20. ప్రపంచ దోమల దినం. కింద ఆశ్రమ పాఠశాలలో పిల్లలకు నాలుగు మాటలు చెప్పమని పిలిచారు. ఇస్త్రీ ఖాకీ వేసుకుని వెళ్లాను. 1897లో ఇదే రోజున రొనాల్డ్ రాస్ మన సికింద్రాబాదులో దోమ పొట్ట కోసి, అందులో మలేరియా క్రిమిని కళ్లారా చూశాడనీ, 1902లో నోబెల్ బహుమతి అందుకున్నాడనీ చెప్పాను. మలేరియా గాలి వల్లా నీళ్ల వల్లా రాదు, ఆడ ఎనాఫిలిస్ దోమ కుడితేనే వస్తుందని చెప్పాను. చెట్ల పేర్లు శాస్త్రనామాలతో సహా చెప్పగలనని నాకో గర్వం. అందుకని ఇంకా ముందుకెళ్లి, ఈ జబ్బుకు మనిషికి దొరికిన రెండు గొప్ప మందులూ మొక్కలిచ్చినవేనని చెప్పాను. సింకోనా బెరడు నుంచి క్వినైన్, ఆర్టెమిసియా మొక్క నుంచి ఆర్టెమిసినిన్. ఆ రెండోదాన్ని వెలికితీసిన చైనా శాస్త్రవేత్త తు యూయూకు 2015లో నోబెల్ వచ్చిందంటే పిల్లలు చప్పట్లు కొట్టారు.

ముందు వరసలో ఒక పాప లేచి, "సారూ, మీరు తెరలోనే పడుకుంటారా?" అని అడిగింది.

"ఓ!" అన్నాను.

ఆ రాత్రి చప్పట్లు ఇంకా చెవుల్లో మోగుతుండగా, చొక్కా విప్పేసి మంచె మీద ఆరుబయట వెల్లకిలా పడుకున్నాను. తెర నర్సరీలో మొలకల మీద ఉంది.

సెప్టెంబరు రెండోవారం. మొక్కలు నాటిస్తుంటే మధ్యాహ్నం వేళ వెన్నులో సన్నగా చలి మొదలైంది. అరగంటలో పళ్లు టకటకమన్నాయి. క్యాంపులో ఉన్న దుప్పట్లన్నీ నా మీదే వేసినా మంచం కాళ్లు అదిరేంత వణుకు. ఆ తర్వాత ఒళ్లు పెనంలా కాలింది. ఆ తర్వాత గెడ్డలో ముంచి తీసినంత చెమట. సాయంత్రానికి లేచి కూర్చున్నాను. మర్నాడు ఏమీ లేదు. గంజన్నం తిని పనికెళ్లాను. మూడోనాడు అదే వేళకు మళ్లీ చలి. నాలుగోనాడు మళ్లీ ఏమీ లేదు. రోజు విడిచి రోజు వచ్చే ఈ జ్వరం లాంటి మాయలమారి ఇంకొకటి లేదు. రాని రోజు చూసుకుని మనిషి తనకు తగ్గిపోయిందనుకుంటాడు.

క్యాంపు నుంచి ఆశా అక్క ఇల్లు అరగంట నడక. సంత రెండు గంటల నడక. నేను సంతకు నడిచాను. అవును, ఒళ్లు తూలుతుంటే రెండు గంటలు నడిచి సంతకే వెళ్లాను. ఎందుకంటే అక్క ముందు రక్తపరీక్షకు వేలు చాపితే, నీళ్లు పడ్డవాడికీ మన్యం జ్వరం వచ్చిందని గూడెమంతా తెలిసిపోతుంది. సంతలో ఆర్.ఎం.పి. ఉంటాడు. ఒక ఇంజెక్షన్ పొడిచాడు, ఒక సెలైన్ సీసా ఎక్కించాడు, సీజను జ్వరమన్నాడు. రక్తం చూడలేదు. చూడమని నేనూ అడగలేదు. పారాసిటమాల్ మాత్రలు జేబులో వేసుకుని తిరిగొచ్చాను. ఆ మాత్ర ఒంటి వేడి దించుతుంది గానీ రక్తంలో క్రిమిని తాకదు. పిల్లలకు ఆగస్టు 20న చెప్పినవాణ్ణి, నాకు తెలియదా?

ఏడోరోజు ఎవరో చెబితే అక్కే కొండెక్కి వచ్చింది. ఒక్క మాట మాట్లాడకుండా సంచి తీసి, వేలికి సూది గుచ్చి, ఒక చుక్క రక్తం కిట్టు మీద వేసింది. పావుగంట, ఇరవై నిమిషాలు. గీతలు తేలాయి. వైవాక్స్ మలేరియా. మూడు రోజులు క్లోరోక్విన్: మొదటిరోజు నాలుగు మాత్రలు, రెండోరోజు నాలుగు, మూడోరోజు రెండు. దాంతోపాటు ప్రైమాక్విన్, రోజూ, 14 రోజులు. "మూత్రం నల్లగా వస్తే ఈ రెండోది ఆపేసి ఎంటనే నాకు సెప్పు. లేదంటే ఒక్క రోజు కూడా మానకు బాబూ" అంది.

మూడు రోజుల్లో జ్వరం పోయింది. నాలుగోరోజు ఆకలేసింది. ఐదోరోజు ప్రైమాక్విన్ మాత్రల పట్టీ రేకు పెట్టె అడుగుకు వెళ్లిపోయింది. తగ్గాక మందెందుకు? మీరు చెప్పండి, తగ్గిన జ్వరానికి మిగిలిన మాత్రలు మీ ఇంట్లో ఎన్ని డబ్బాల్లో ఉన్నాయో.

పదిహేనోరోజు అక్క మళ్లీ వచ్చింది. "మాత్రలు అయిపోయాయా బాబూ?" అంది.

"అన్నీ మింగేశానక్కా."

ఆమె రిజిస్టరు తెరిచి, నా పేరు ఎదురుగా మందు పూర్తయినట్టు రాసుకుంది. నేను చూస్తూ నిలబడ్డాను. నేను మన్యంలో ఆడిన అబద్ధాలన్నిటిలోకీ పెద్దది అదే. ఆమె చేతిరాతలో, సర్కారు పుస్తకంలో.

14 రోజులు ఎందుకో ఇప్పుడు నిద్రలో లేపి అడిగినా చెబుతాను. క్లోరోక్విన్ రక్తంలో ఉన్న క్రిమిని చంపుతుంది. వైవాక్స్ క్రిమికి ఇంకో దాపు ఉంది, కాలేయం. కొన్ని క్రిములు అక్కడ నిద్రపోతుంటాయి. వారాలకో నెలలకో లేచి మళ్లీ రక్తంలో పడతాయి. నిద్రలో ఉన్నవాటిని చంపేది ప్రైమాక్విన్. అవి లేచినప్పుడు బాధ నాకొక్కడికే అయితే నా ఖర్మ అనుకోవచ్చు. ఆ రోజుల్లో నన్ను కుట్టిన దోమ నా క్రిమిని మోసుకెళ్లి పక్కవాడికి ఇస్తుంది. మందు సగంలో మానినవాడు తన ఒంట్లో అందరి జబ్బునూ పెంచుతున్నట్టే.

నవంబరు వచ్చింది. చింతపల్లి వైపు నవంబరు చలి ఎలా ఉంటుందో లంబసింగి చూడ్డానికి వచ్చినవాళ్లకు తెలుసు. ఒకరోజు మధ్యాహ్నం మళ్లీ వెన్నులో సన్నటి వణుకు. చలికాలం కదా అన్నాను. స్వెట్టరు వేసుకుని బీటు తిరిగాను. మర్నాడు బాగుంది. మూడోనాడు మళ్లీ వణుకు. మంట దగ్గర కూర్చుని పారాసిటమాల్ వేసుకుని, "ఇలాంటివి మనల్నేం చేస్తాయిరా" అన్నాను. వాచర్లలో అందరికన్నా చిన్నవాడు నా పక్కనే కూర్చుని ఉన్నాడు. ఇరవై రెండేళ్లు. నేను ఎలా నడిస్తే అలా నడిచేవాడు, నేను టోపీ ఎలా పెడితే అలా పెట్టేవాడు.

నాలుగు రోజుల తర్వాత వాడు స్వెట్టరులో కనిపించాడు. "ఏంరా?" అంటే "సలి సారూ" అన్నాడు. ఆ రోజు పనికొచ్చాడు. మర్నాడూ వచ్చాడు. మూడోనాడు అన్నం వద్దన్నాడు. తలనొప్పి అన్నాడు. నా జేబులోంచి రెండు పారాసిటమాల్ మాత్రలు తీసి నేనే ఇచ్చాను. నా చేత్తో ఇచ్చాను. నాలుగోనాడు తెల్లవారుజామున లేపితే లేవలేదు. కళ్లు తెరిచి ఉన్నాయి, నన్ను గుర్తుపట్టలేదు. వాళ్ల భాషలో ఏదో గొణిగాడు. కాళ్లూ చేతులూ కొట్టుకున్నాయి. నా గుండె ఆగిపోయింది.

కర్రకు దుప్పటి కట్టి డోలీ చేశాం. కొండ దిగాలి, గెడ్డ దాటాలి, గూడెం చేరాలి, అక్కడి నుంచి రోడ్డు. కర్ర ఒక కొన నా భుజం మీద. మోకాళ్లలో నా జ్వరం, భుజం మీద వాడి బరువు, మంచుకు రాళ్లు జారుతున్నాయి, వెనకనుంచి వాడి మూలుగు, అది ఆగిపోయినప్పుడల్లా నేను ఆగిపోయి వెనక్కి చూడటం, "నడవండి సారూ" అని వెనక కొన మోస్తున్నవాడు అరవడం. అరగంట దారి నాకు అరవై ఏళ్లు పట్టింది. అక్క పరుగున వచ్చింది. అదే సూది, అదే కిట్టు. ఫాల్సిపారం. మనిషిని గంటల్లో పడగొట్టి, మెదడుకు ఎక్కే రకం. ఫాల్సిపారానికి ఆమె దగ్గర మూడు రోజుల మాత్రల ప్యాకెట్టు ఉంది, పెద్దవాళ్లకు తెల్లరంగుది. మొదటిరోజు వస్తే దాంతోనే సరిపోయేది. నాలుగోరోజు వాడికి మింగే తెలివి లేదు. "పెద్దాసుపత్రికే బాబూ" అని అక్క ఫోను తీసింది. రోడ్డు దాకా మళ్లీ డోలీ. 108 ఎదురొచ్చింది.

ఆసుపత్రిలో ఆర్టెసునేట్ ఇంజెక్షన్లు మొదలుపెట్టారు. నేను చప్పట్లు కొట్టించుకున్న మొక్క మందే అది. ఒంట్లో చక్కెర పడిపోయిందని గ్లూకోజు ఎక్కించారు. రెండు రాత్రులు వాళ్లమ్మ పక్కన నేల మీద కూర్చున్నాను. ఆమె నన్ను ఒక్క మాటా అనలేదు. టీ తెచ్చి నాకే ముందిచ్చింది. ఆ గ్లాసు పట్టుకున్న నా చేతులు వణికాయి. అది జ్వరం వణుకు కాదు.

మూడోరోజు వాడు కళ్లు తెరిచి నీళ్లడిగాడు. నాకు ఏడుపాగలేదు. తేరుకున్నాక, "మొదటిరోజే అక్క దగ్గరికి ఎందుకు పోలేదురా, అరగంట దారే కదా?" అన్నాను.

"మీరూ పోనేదు గదా సారూ" అన్నాడు. నిష్ఠూరంగా కాదు. ఉన్నమాట చెప్పాడు.

వాడిది ఫాల్సిపారం, నాది వైవాక్స్. అంటే నా క్రిమి వాడికి అంటలేదు. నా నుంచి వాడికి అంటింది నా తీరు. అక్క ఆ వారమే క్యాంపులో అందరికీ రక్తపరీక్ష చేసింది. నాకు మళ్లీ వైవాక్స్. ఇంకో ఇద్దరికీ వైవాక్సే. ఆ ఇద్దరికీ నా ఒంట్లోంచే దోమ మోసిందో లేదో ఎవరూ చెప్పలేరు. మోయలేదని నేను మాత్రం అనలేను.

ఆ సాయంత్రం అక్క వెంట నడిచి వాళ్లింటికి వెళ్లాను. రేకు పెట్టె అడుగున దొరికిన పట్టీ ఆమె ముందు పెట్టాను. పది రోజుల మాత్రలు అందులో అలాగే ఉన్నాయి. "రిజిస్టరులో నువ్వు రాసింది తప్పక్కా. నేను అబద్ధం చెప్పాను" అన్నాను. ఆమె చాలాసేపు పట్టీ వైపు చూసింది. తిడుతుందనుకున్నాను. పుస్తకం తీసి, ఆ గీత కొట్టేసి, పక్కన మళ్లీ రాసింది. "ఇంకోపాలి 14 రోజులు. రోజూ పొద్దున్న నా ముందర మింగు" అంది. మింగాను. పద్నాలుగు పొద్దులూ అరగంట దిగి, ఆమె గడపలో నిలబడి, ఆమె ఇచ్చిన నీళ్లతో.

ఇప్పుడు మా క్యాంపులో ఆరు తెరలూ కట్టి ఉంటాయి. నర్సరీకి పాత చీరలు కప్పుతున్నాం, పిట్టలు రావడం లేదు. పొద్దు వాలితే నిండు చేతుల చొక్కా, కాళ్లకూ చేతులకూ దోమల క్రీము. బీటులో రాత్రి ఉండాల్సొస్తే తెర మడిచి సంచిలో ముందు పెడతాం, బియ్యం తర్వాత. జ్వరం తగిలిన రోజే, ఒక్క రోజు దాటకుండా, వేలు చాపాలి. పరీక్షలో ఏమీ లేదని వచ్చినా జ్వరం తగ్గకపోతే మళ్లీ చేయించుకోవాలి. మాత్రల పట్టీ షెడ్డు మేకుకు అందరికీ కనబడేలా వేలాడుతుంది. ఎవరిది ఎన్నోరోజో బొగ్గుతో గోడ మీద గీతలు గీస్తాం. ఇంట్లో గర్భిణులుంటే వాళ్ల మందు వేరని, మన పట్టీ వాళ్లకివ్వకూడదని అక్క అందరిచేతా వల్లె వేయించింది. అక్క కిట్టు తీసినప్పుడల్లా మొదటి వేలు నాది. ఆ తర్వాత ఎవరికీ చెప్పనక్కర్లేదు.

రాస్ ఆ దోమ పొట్టలో క్రిమిని చూసి నూట పాతికేళ్లు దాటింది. తెలియక పోయే ప్రాణాలు కొన్నుంటాయి. తెలిసీ, పరువు కోసం, రెండు రోజులు చూద్దామని ఆగి పోగొట్టుకునేవి ఎన్నో. వాడు బతికాడు కాబట్టి నేనీ మాట మీ ముందు కూర్చుని చెప్పగలుగుతున్నాను. లేకపోతే ఏ మొహంతో చెప్పేవాణ్ణి?

ఆ సంక్రాంతికి ఇంటికెళ్లినప్పుడు అరుగు మీద కూర్చోలేదు. వంటింట్లో అమ్మ పక్కన కూర్చుని, "నీళ్లకేమీ పాపం లేదమ్మా, దోమమ్మా" అని చెప్పాను. మిగతాది చెప్పలేకపోయాను. అమ్మ ఇంకేం అడగలేదు. నా సంచిలో తెర కనబడితే తీసి ఒళ్లో వేసుకుని, మంచె కొలతలు అడిగి, నాలుగు మూలలా గట్టి నాడాలు కుట్టింది. తిరిగి బయల్దేరేటప్పుడు ఈసారి పటిక పెట్టలేదు. ఆ తెరే అన్నిటికన్నా పైన పెట్టింది.